టెస్టర్ రెండు కంతల్లోనూ వెలిగిన ఇల్లు

నేను ఇళ్లకి కరెంటు పనులు చేసే వైర్‌మన్‌ని. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి మొదటి కారణం ఇందులో నేను చేసిన పొరపాటు. రెండో కారణం ఆ పొరపాటు వల్ల ఆ ఇంటివాళ్లు చేసుకున్న సొంత వైద్యం. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. ఇంటిని పోల్చుకునే వీల్లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. కొలతలు మాత్రం నా చిట్టా పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

ఉలవపాడు మామిడి తోటలు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకటి. తీరం మూడు నాలుగు కిలోమీటర్లే. నేలంతా ఇసక. చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రయితే ఆ నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. ఇనుము ఏదైనా రెండేళ్లలో తుప్పుపట్టి పొరలుగా రాలిపోయే గాలి.

పాత స్లాబు ఇల్లు, ముందు రేకుల వసారా. ఒక అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. డిప్లొమా చదివే మేనల్లుడు సెలవలకి వచ్చి ఉన్నాడు. సింగిల్ ఫేజు మీటరు. ఫ్రిజ్జు, మూడు ఫ్యాన్లు, టీవీ, మిక్సీ, చిన్న ఇన్వర్టరు. పెరట్లో ఫిల్టరు పాయింటు (ఇసకలో దించిన చిన్న బోరు) మీద ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. నీళ్లు లాగే పైపు ప్లాస్టిక్, మోటారు నుంచి కుళాయిలకు పోయేది పాత ఇనప పైపు. ఆ పైపుకి ఎర్తు వైరు, అంటే సామాన్ల ఇనప ఒంటిని భూమికి కలిపే వైరు, చుట్టి ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రోడ్డు మీది స్తంభం నుంచి ఇంటికి పాతిక మీటర్ల సర్వీస్ వైరు. అల్యూమినియం, రెండు కోర్లు, జీఐ (పూత వేసిన ఇనప) తీగ ఆసరాగా లాగారు. మధ్యలో మునగచెట్టు.

మొదటి ఫోను

కార్తీకమాసం చివర, వాయుగుండం వర్షాలు తెరిపిచ్చిన రెండో రోజు. ఇంటాయన ఫోను చేశాడు. "అన్నా, మా ఇంట్లో కరెంటు పోయింది, పక్కింట్లో ఉంది."

ఇలాంటి ఫోను వస్తే బయలుదేరే ముందు నాలుగైదు ప్రశ్నలు అడగడం నా అలవాటు. మొత్తం ఇల్లు పోయిందా, కొన్ని గదులేనా? వీధి లైటు ఉందా? ఏదైనా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చు) కిందికి పడిందా? కాలిన వాసన, చిటపట చప్పుడు ఉన్నాయా? గోడ చెమ్మగా ఉందా, స్విచ్చు బోర్డు మీదికి నీళ్లు కారాయా? తీగ ఏదైనా తెగి నేలమీద పడిందా? ఆఖరి ప్రశ్నకి అవునంటే నేను వెళ్లను, వాళ్లనీ అటు వెళ్లనివ్వను. 1912కి ఫోను చేయించి, ఆ తీగ చుట్టుపక్కలకి ఎవరినీ రానివ్వొద్దంటాను. తడి నేల మీద తెగిపడ్డ తీగ చుట్టూ కొంత మేర నేలలోనే కరెంటు ఉంటుంది. తీగను తొక్కకపోయినా కాలికీ కాలికీ మధ్య తేడాతోనే మనిషి పడిపోతాడు.

ఇక్కడ తెగిన తీగ లేదు, వాసన లేదు, ఎంసీబీ పడలేదు. లైట్లు మిణుకుమిణుకుమని, ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగి, తర్వాత అన్నీ ఆగిపోయాయట. ఆయన ఒక మాట జోడించాడు: "ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు కంతల్లోనూ వెలుగుతోందన్నా."

ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. టెస్టర్ వెలగాల్సింది కరెంటు వచ్చే ఫేజు కంతలోనే, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ కంతలో కాదు. చెమ్మకి అలా వెలుగుతుందిలే, చవక టెస్టరు అయ్యుంటుందిలే అనుకున్నాను. ఫ్రిజ్జు, మోటారు, టీవీ ప్లగ్గులు పీకేసి ఒక్క లైటు స్విచ్చు మాత్రం వేసి ఉంచమన్నాను. కరెంటు వస్తే తెలియడానికి ఆ లైటు. మిగతావి తీయించేది ఎందుకంటే, వచ్చీ పోయే కరెంటులో కంప్రెసరూ మోటారూ తిరగలేక నిలబడిపోయి వైండింగు కాల్చుకుంటాయి.

మొదటి రాక, నా పొరపాటు

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. కరెంటు ఉంది! వైర్‌మన్లకి ఇంతకంటే చెడ్డ శకునం లేదు. పంటి నొప్పి డాక్టరు గుమ్మం దగ్గర తగ్గినట్టే.

వోల్టులు కొలిచే నా మీటరు పెట్టి చూశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 224 వోల్టులు. మన దగ్గర ఇంటికి రావాల్సింది 230, కొంచెం అటూ ఇటూ పరవాలేదు. నా టెస్టు బల్బు, వంద వాట్లది, తగిలించాను. కళ్లు చెదిరేలా వెలిగింది. నా టెస్టర్ ఒక కంతలోనే వెలిగింది. పాత మెయిన్ స్విచ్చుల్లో కొందరు న్యూట్రల్‌కి కూడా ఫ్యూజు తీగ కడతారు, అది తెగితే సరిగ్గా ఇవే లక్షణాలు. విప్పి చూస్తే ఇక్కడ న్యూట్రల్‌కి ఫ్యూజు కాదు, మరలతో బిగించే లోహపు లింకే ఉంది. కానీ ఆ లింకు మర ఒకటి సగం చుట్టు వదులుగా ఉంది. దొరికిందిలే అనుకున్నాను. బిగించాను. డీబీలో, అంటే ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో, మిగతా మరలన్నీ బిగించాను. కరెంటు భూమిలోకి కారితే పడిపోయే స్విచ్చు ఆర్‌సీసీబీ, దాని టెస్టు మీట నొక్కితే పడింది. అరగంట ఆగి, టీ తాగి వచ్చేశాను.

వసారాలో కూర్చున్న అవ్వ అప్పుడే చెప్పింది: "చెట్టు ఊగినప్పుడల్లా లైటు ఊగుద్ది నాయనా." నవ్వి ఊరుకున్నాను.

అక్కడ నా ఆలోచన ఎక్కడ దారి తప్పిందో రాయాలి. వదులు మర కనపడింది కాబట్టి అదే జబ్బు అనుకున్నాను. కానీ ఆ మర చుట్టూ నల్లబడలేదు, ప్లాస్టిక్ కరగలేదు, వైరు తొడుగు పెళుసెక్కలేదు. డీబీలో ఇల్లు ఆగిపోయేంత చెడ్డ జాయింటు మామూలుగా కాలిన గుర్తు వదలకుండా ఉండదు. చెడ్డ జాయింటు కోసం వెతుకుతూ మంచి జాయింటునే బిగించి వచ్చానన్నమాట.

రెండో తప్పు కొలతలో ఉంది. కరెంటు పారనప్పుడు చూసిన వోల్టేజీకి విలువ చాలా తక్కువ. గొట్టంలో చెత్త ఇరుక్కున్నా కుళాయి కట్టేసి ఉంటే ఒత్తిడి నిండుగానే కనిపిస్తుంది. తిప్పితేనే ధార సన్నబడుతుంది. డిజిటల్ మీటరు తీసుకునే కరెంటు ఆవగింజంత కూడా ఉండదు. వంద వాట్ల బల్బు లాగేది అర ఆంపియరు కంటే తక్కువ. తర్వాత తేలిన లెక్క ప్రకారం అసలు చెడ్డ జాయింటులో 22 ఓముల అడ్డు ఉన్నా ఆ బల్బుకి తొమ్మిది పది వోల్టులే తగ్గుతాయి. అది కంటికి ఆనదు.

మధ్యలో జరిగింది

నేను వచ్చేసిన రోజు సాయంత్రమే సముద్రం గాలి తిరిగింది, లైట్లు మళ్లీ ఊగాయి. ఇంటాయన నాకు చెప్పలేదు. "డబ్బులిచ్చాం, మళ్లీ పిలిస్తే మళ్లీ ఇయ్యాలి" అనుకున్నాడట. ఊళ్లో పనులు చేసే ఇంకొకరిని పిలిచారు. ఆయన "చెరువుల లోడు పడుతోంది, లో వోల్టేజీ" అని తేల్చి, మెయిన్ ఎంసీబీ మార్చి వెళ్లాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఏరేటర్లు తిరిగే వేళకే లైట్లు మందగిస్తుంటే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. కానీ ఒక్క ప్రశ్న అడగాల్సింది: అదే ట్రాన్స్‌ఫార్మరు, అదే ఫేజు మీదున్న పక్కింట్లో కూడా మందగిస్తున్నాయా? మందగించలేదు.

తర్వాత మేనల్లుడు రంగంలోకి దిగాడు. తెలివైన కుర్రాడు, అక్కడే వచ్చింది చిక్కు. రెండు కంతల్లోనూ టెస్టర్ వెలగడం చూసి "న్యూట్రల్ రావట్లేదు" అని సరిగ్గానే పట్టాడు. నాకంటే ముందే! తర్వాత మెట్టు దగ్గర కాలు జారింది. న్యూట్రల్ సున్నా, ఎర్తూ సున్నా, రెండూ ఒకటే కదా అనుకున్నాడు. డీబీలో ఎర్తు బార్ నుంచి న్యూట్రల్ లింకుకి జానెడు ఎర్ర వైరు ముక్క కలిపాడు. కలపగానే ఆర్‌సీసీబీ పడింది. ఎత్తాడు, పడింది. నాలుగుసార్లు పడ్డాక "ఇది పాడైంది" అని దాని లోపలికి వచ్చే వైర్లనీ బయటికి పోయే వైర్లనీ కలిపేసి డైరెక్ట్ చేశాడు.

ఫ్యాన్లు తిరిగాయి. ఇల్లంతా వాణ్ణి మెచ్చుకుంది.

రెండో రోజు పొద్దున అవ్వ కుళాయి దగ్గర చెంబు కడుగుతుంటే చెయ్యి జివ్వుమంది. ముసలితనం, నరాల తిమ్మిరి అనుకున్నారు. మూడో రోజు కోడలికీ తగిలింది. అప్పుడు నాకు రెండో ఫోను: "మోటారు షాకు కొడుతోందన్నా, వచ్చి మోటారు చూడు." కలిపిన వైరు గురించి ఒక్క మాటా లేదు. దాచాలని కాదు, ఆ రెండింటికీ సంబంధం ఉందని వాళ్లకి తోచలేదంతే.

రెండో రాక

ఫోనులోనే కుళాయి ముట్టొద్దన్నాను, మోటారు ప్లగ్గు పీకమన్నాను. వెళ్లేసరికి చీకటి పడుతోంది, గాలి లేచింది. ఈసారి చిన్న వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఒకటి సంచీలో వేసుకెళ్లాను. ఆర్‌సీసీబీ డైరెక్ట్ చేసి ఉండటం కంట పడింది. "ఎవరు చేశారు?" అంటే అందరూ పిల్లాడి వైపు చూశారు. వాడు ఆర్‌సీసీబీ సంగతి చెప్పాడు గానీ ఎర్ర వైరు ముక్క సంగతి చెప్పలేదు. అది వైర్ల గుబురు వెనక ఉంది, నాకూ వెంటనే కనపడలేదు.

కప్పు తీసిన డీబీ దగ్గర కొలతలు మొదలుపెట్టాను. కాళ్లకి రబ్బరు చెప్పులు, కింద పొడి చెక్క పీట, రెండో చెయ్యి వీపు వెనక. ఇస్త్రీ పెట్టె తగిలించక ముందు ఫేజు నుంచి న్యూట్రల్‌కి 226, తగిలించాక 190. ఒక్క ఇస్త్రీ పెట్టెకి 36 వోల్టులు పడటం మామూలు సంగతి కాదు.

తర్వాత న్యూట్రల్ నుంచి ఎర్తుకి చూశాను. ఇస్త్రీ పెట్టె కాలుతూనే ఉంది. మీటరు మీద సున్నా.

ఆ సున్నా చూసి భయపడ్డాను. బాగున్న ఇంట్లో కరెంటు పారుతుంటే న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటో రెండో వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ తీగలో కరెంటు పారుతోంది, ఎర్తు తీగలో పారట్లేదు కాబట్టి ఆ తేడా ఉండి తీరాలి. ముప్పై ఆరు వోల్టులు ఎక్కడో పడిపోతున్న ఇంట్లో అచ్చంగా సున్నా ఉందంటే అర్థం ఒక్కటే, ఈ రెండూ ఇంట్లోనే ఎక్కడో కలిసి ఉన్నాయి. అంటే నేను చూస్తున్న ఎర్తు ఇప్పుడు ఎర్తు కాదు. దాంతో పోల్చి ఏది కొలిచినా అబద్ధమే చెబుతుంది.

కొలవడానికి ఈ ఇంటితో సంబంధం లేని భూమి కావాలి. పెరట్లో ఎర్తు పైపు దించిన గుంటకి దూరంగా, ఏడెనిమిది మీటర్ల అవతల తడి ఇసకలో మూరెడు ఇనప కడ్డీ దిగ్గొట్టాను. దానికో పొడుగాటి వైరు కట్టి మీటరు ఒక కొసకి తగిలించాను. రెండో కొస కుళాయికి ఆనించాను. ఇస్త్రీ పెట్టె ఆపితే దాదాపు సున్నా, వేస్తే 36. ఇంటాయన్ని పిలిచి చూపించాను. "కుళాయిలో కరెంటు ఎట్టొచ్చిందన్నా?" అన్నాడు. ఇస్త్రీ పెట్టె నుంచి, ఫ్రిజ్జు నుంచి, ఫ్యాన్ల నుంచి తిరిగి వెళ్లాల్సిన కరెంటు న్యూట్రల్ దారి మూసుకుపోయి మీ ఎర్తు పైపు గుండా ఇసకలోకి పోతోంది, పోతూ పోతూ ఎర్తు కట్టిన ప్రతి ఇనుమునీ పైకెత్తుతోంది అని చెప్పాను. ఎర్తు వైరు చుట్టిన ఇనప పైపు అన్నానే, కుళాయి అందులో భాగమే. తడి సిమెంటు మీద తడి చేతులతో 36 వోల్టులు జివ్వుమంటాయి. మోటారు కూడా తిరుగుతుంటే అంతకు మించి ఉంటుంది. ఆ మిగిలిన న్యూట్రల్ కూడా తెగిపోతే మొత్తం కరెంటు ఆ ఎర్తు గుంటలోకే. తర్వాత కొలిస్తే ఆ గుంట 18 ఓములు తేలింది. ఆరు ఆంపియర్లు పారితే 108 వోల్టులు.

ఇంకో లెక్క కూడా వేసి చూపించాను. ఆర్‌సీసీబీ లేని ఆ ఇంట్లో ఫేజు వైరు ఒకటి ఫ్రిజ్జు ఒంటికి తగిలిందనుకోండి. 230ని 18తో భాగిస్తే 13 ఆంపియర్లు కూడా రావు. 20 ఆంపియర్ల మెయిన్ ఎంసీబీ దానికి కదలదు. ఫ్రిజ్జు అలా కరెంటుతోనే కూర్చుంటుంది. ఇసక నేలల్లో మనిషిని కాపాడేది ఎంసీబీ కాదు, 30 మిల్లీ ఆంపియర్లకే పడే ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే పడటమే దాని పని. పిల్లాడు వైరు ముక్క కలిపిన క్షణం నుంచి అది ఆ పనే చేసింది.

వైరు ముక్క తీయడం

తీయడం ఒక నిమిషం పని. ఏ వరసలో తీయాలన్నదే ముఖ్యం. లైట్లు, ఫ్రిజ్జు ఆన్‌లో ఉండగా ఆ ముక్క లాగేస్తే, మిగిలిన న్యూట్రల్ కూడా విడిపోయిన క్షణంలో న్యూట్రల్ లింకు మొత్తం 226 వోల్టుల దాకా లేస్తుంది, ఎందుకంటే ఫేజు ఆ సామాన్ల గుండా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. టెస్టర్ రెండు కంతల్లో వెలగడానికి కారణం కూడా అదే. న్యూట్రల్ అని ధైర్యంగా నల్ల వైరు పట్టుకున్నవాళ్లు అలాగే పోతారు.

ముందు మెయిన్ ఆపాను. ఇన్వర్టరు ఆపి దాని ప్లగ్గు పీకాను. మెయిన్ ఆపగానే ఇల్లు చచ్చిందనుకోవడం ఇన్వర్టర్లు వచ్చాక చెల్లదు. మీటరు ముందు బతికున్న చోట, మెయిన్‌కి కరెంటు వచ్చే వైపు పెట్టి పనిచేస్తోందని చూసుకున్నాను. తర్వాత డీబీలో ఫేజు, న్యూట్రల్, ఎర్తు ఒకదానితో ఒకటి, ఆ మూడూ నా కడ్డీతో. అన్నీ సున్నా. మళ్లీ బతికున్న చోట పెట్టి మీటరు మధ్యలో చావలేదని చూసుకున్నాను. అప్పుడు చెయ్యి పెట్టాను. వైరు ముక్క దొరికింది. ఎర్తు బార్ వైపు దాని తొడుగు మెత్తబడి, గోటితో నొక్కితే గుంట పడుతోంది.

తప్పు ఎక్కడ

ఇప్పుడు అసలు జబ్బు. ఇంటి వైర్లన్నీ విప్పి పక్కన పెట్టి, మెయిన్ స్విచ్చు నుంచి ఇంట్లోకి కరెంటు పోయే వైపు నా ప్లగ్గు బోర్డు ఒక్కటే కట్టాను. ఇంకా వోల్టేజీ పడితే ఇంటి వైరింగు నిర్దోషి. ఇస్త్రీ పెట్టె వేశాను. 226 కాస్తా 160కి దిగింది.

66 వోల్టులు ఫేజు దారిలో పడుతున్నాయా, న్యూట్రల్ దారిలోనా? దీనికి కూడా ఆ కడ్డీయే జవాబు చెప్పింది. కడ్డీ నుంచి ఫేజుకి ఇస్త్రీ పెట్టె వేసినా ఆపినా 226, కదల్లేదు. కడ్డీ నుంచి న్యూట్రల్‌కి ఆపితే సున్నా, వేస్తే 66. జబ్బు న్యూట్రల్‌లోనే. మూడు ఆంపియర్లకి 66 అంటే 22 ఓములు. ఇంత తీగకి అర ఓము కూడా ఉండకూడదు. ఇంటి కరెంటు మీటరు తర్వాతి కటౌటు (ఫ్యూజు) దగ్గర చూసినా అదే 66. అంటే మీటరుకి అవతల.

గాలి వీచింది. నా మీటరు మీద 66 కాస్తా 90 అయ్యి, 70కి వచ్చి, మళ్లీ 110 దాటింది. కిటికీలోంచి చూస్తే మునగచెట్టు ఊగుతోంది. అవ్వ వసారాలోంచి, "చెప్పానా?" అంది.

అక్కడితో నా పని ఆగిపోయింది. మీటరు సీలు, దానికి అవతల వైరు, స్తంభం నావి కావు. లైసెన్సు ఉన్నా కావు. ఇంటాయన నిచ్చెన తెచ్చాడు. "పైకెక్కి చూడన్నా, నీకు తెలుసుగా." తెలుసు కాబట్టే ఎక్కలేదు. స్తంభం మీద అన్ని ఫేజులూ బతికే ఉంటాయి, చీకటి, చెమ్మ, గాలి. మనం ఆపించకుండా ఆగే కరెంటు కాదది. 1912కి చెప్పించాను, లైన్‌మన్‌కి కూడా ఫోను చేశాం. ఆయన మంచి మనిషి, "రాత్రి ఎక్కను, తెల్లారి ఎల్‌సీ తీసుకుని వస్తా" అన్నాడు. ఎల్‌సీ అంటే లైను ఆపించి పని చేయడానికి తీసుకునే అనుమతి. నాకూ అదే సబబు అనిపించింది.

ఆ రాత్రి వాదన అసలు కష్టం. ఫ్రిజ్జులో చేపలున్నాయి, పిల్లలకి దోమలు. "ఒక్క రాత్రికి ఆ వైరు ముక్క ఉంచెయ్యన్నా, కుళాయి ముట్టుకోం" అన్నాడు ఇంటాయన. కుళాయి ఒక్కటే కాదు, ఫ్రిజ్జు తలుపు, కూలరు తొట్టి, మోటారు, పక్కనున్న తడి గోడ, ఏది ముట్టుకోకూడదో నిద్రమత్తులో పిల్లలకి ఎవరు చెబుతారు? మెయిన్ కట్టేసి దానికి ఎర్ర గుడ్డ కట్టాను. ఇన్వర్టరు ప్లగ్గు గోడ నుంచి పీకి ఉంచి, బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు నడిచేలా విడిగా ఇచ్చాను. ప్లగ్గు పీకడం ఎందుకో పిల్లాడికి చూపించాను. ఇన్వర్టరు వైర్లు తప్పుగా కలిసిన ఇళ్లలో బ్యాటరీ కరెంటు వెనక్కి స్తంభం దాకా పోతుంది. తెల్లారి ఆ స్తంభం ఎక్కేది లైన్‌మన్.

చేపలు పక్కింటి ఫ్రిజ్జులోకి వెళ్లాయి.

స్తంభం మీద

పొద్దున ఏడున్నరకి లైన్‌మన్ వచ్చాడు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాడు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకించాడు, తీగలకి షార్టింగు గొలుసు వేశాకే ఎక్కాడు. ఐదు నిమిషాల్లో పైనుంచి ఒక తీగ ముక్క కిందికి వేశాడు.

న్యూట్రల్ జాయింటు అది. సర్వీస్ వైరు తొడుగు ఒలిచి, లైను తీగ చుట్టూ చేత్తో మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టారు. ఎప్పుడు ఎవరు కట్టారో ఎవరికీ గుర్తులేదు. టేపు విప్పితే లోపల సున్నంలా తెల్లటి పొడి. అల్యూమినియం ఉప్పు గాలికి తిన్న రూపం అదే, ఆ పొడి కరెంటుని పోనివ్వదు. ఏడు పోగుల్లో ఐదు తెగి ఉన్నాయి. మిగిలిన రెంటిలో ఒకటి నా వేళ్ల మధ్య ఎండు చీపురుపుల్లలా విరిగింది. ఆ ఒకటి రెండు పోగులు మధ్యాహ్నం గాలి లేనప్పుడు అంటుకుని, సాయంత్రం చెట్టు కొమ్మ వైరుని తోసినప్పుడు విడిపోతూ వచ్చాయి. నేను మొదటిసారి వెళ్లింది మధ్యాహ్నం రెండింటికి.

చెడిన మేర కోసేసి, గుల్ల లేని తీగ వచ్చేదాకా ఒలిచి, మెలిక కాకుండా మర బిగించే క్లాంపు వేశాడు. ఫేజు వైపు కూడా అదే చేశాడు, అదీ తెల్లబడటం మొదలైంది. వైరు ఇంట్లోకి వెళ్లే చోట కిందికి చిన్న వంపు ఇచ్చాడు, వాన నీరు వైరు వెంట మీటరులోకి రాకుండా అక్కడే కారిపోతుంది. మునగ కొమ్మలు ఇంటాయన కొట్టేశాడు, తీగల్లో కరెంటు లేని ఆ అరగంటలోనే.

కరెంటు ఇచ్చాక ఇస్త్రీ పెట్టె, మోటారు రెండూ వేసి కొలిచాను. 226 నుంచి 222కి మాత్రమే దిగింది. కడ్డీ నుంచి న్యూట్రల్‌కి దాదాపు రెండు వోల్టులు. ఈ తీగకి, ఈ పొడుగుకి ఉండాల్సినంతే. ఇంటి వైర్లు మళ్లీ కట్టి ఆర్‌సీసీబీని దాని చోట పెట్టాను. అన్నీ వేసి గంట సేపు చూశాం, పడలేదు. టెస్టు మీట నొక్కితే పడింది. అది ఏ రోజూ పాడవలేదు. ఎర్తుకి ఇంకో గుంట తీసి రెండో పైపు దించి మొదటిదానికి కలిపాను.

పిల్లాడి ప్రశ్న

సామాను సర్దుకుంటుంటే మేనల్లుడు వచ్చాడు. సిగ్గుపడుతూనే, తగ్గకుండా అడిగాడు: "అన్నా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ని ఎర్తుకే కలుపుతారంట కదా. మరి నేను కలిపితే తప్పేంది?"

ఇది తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదు. చాలామంది వైర్‌మన్లకీ దీనికి జవాబు తెలీదు, అందుకే మన ఊళ్లలో ఎర్తు నుంచి న్యూట్రల్ లాగిన ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కలిపేది లైను మొత్తానికి భూమితో ఒక లంకె ఉండటానికి. కరెంటు రాకపోకలకి అక్కడ తీగ ఉంది, భూమి కాదు. నువ్వు కలిపినప్పుడు రావాల్సిన కరెంటుకి తీగ దారి తెగి ఉంది, నీ గుంటకీ ఆ గుంటకీ మధ్య మూడు వందల మీటర్ల ఇసకే దారి. నేల ఎంత పెద్దదైనా నీ పైపు చుట్టూ ఉన్న ఒకటి రెండు మీటర్ల ఇసకలోనే అడ్డంతా ఉంటుంది, ఆ 18 ఓములు అక్కడివే. మీ అవ్వ నిలబడేది ఆ ఒకటి రెండు మీటర్లకి అవతల, పట్టుకునేది నీ పైపు.

నమ్మినట్టు లేదు. మీటరు వాడి చేతికిచ్చాను. కడ్డీ ఇంకా ఇసకలోనే ఉంది. ఎర్తు గుంట పక్కన మొదలుపెట్టి, అడుగడుగుకీ ఒక మేకు దిగ్గొట్టి ఎర్తుకీ మేకుకీ మధ్య ఎంతుందో రాయమన్నాను. కరెంటు కోసం నా టెస్టు బల్బుని ఫేజు నుంచి నేరుగా ఎర్తుకి, ఆర్‌సీసీబీకి ముందు నుంచి కట్టి, అందరినీ కుళాయికి దూరంగా నిలబెట్టి, నేను పక్కనే ఉండి రెండు నిమిషాలే ఇచ్చాను. పాత గుంట ఒక్కటే ఉండి 18 ఓములైనా ఆ బల్బు లేపేది ఏడెనిమిది వోల్టులే, రెండో పైపుతో ఇంకా తక్కువ, ఎవరికీ ఏమీ కాదు. కాగితం మీద వాడి అంకెలు మొదట గబగబా పెరిగి, రెండో మీటరు దాటాక దాదాపు అక్కడే నిలిచాయి. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లైన్‌మన్ ఇంకా స్తంభం దగ్గరే ఉన్నాడు. అదే స్తంభం నుంచి ఇంకో రెండిళ్లకి సర్వీసులు, అదే చేతి మెలిక, అదే నల్ల టేపు. మళ్లీ ఎల్‌సీ తీసుకోవాల్సి వచ్చినా, తీసుకుని అవి కూడా విప్పాడు. ఒకదాంట్లో మూడు పోగులు మిగిలి ఉన్నాయి.